నాలుగో తరగతి దాటని పిల్లోడు

రండి, ఇట్లా దగ్గరగా జరగండి. ఈ పొద్దు మీకు ఒక బడి గురించి చెప్పాలని ఉంది. ఆ బడి మన ప్రొద్దుటూరులో లేదు, జమ్మలమడుగులో లేదు, పులివెందులలోనూ లేదు. అసలు భూమ్మీదే లేదు. అమెరికా టీవీవాళ్ళు బొమ్మలుగా గీసుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఉంది. అయినా అందులో కూర్చున్న పిల్లోళ్ళను రోంతసేపు చూశారంటే, వీడు మా తరగతిలోనే ఉండేవాడే, ఈ అమ్మాయి నా పక్క బెంచీనే కదా అనిపిస్తుంది.

ఆ కార్యక్రమం పేరు 'ది సింప్సన్స్'. మాట్ గ్రేనింగ్ అనే కార్టూనిస్టు సృష్టి. 1987 ఏప్రిల్‌లో ఇంకో వినోద కార్యక్రమం నడుమ చిన్న చిన్న తునకలుగా మొదలైంది. 1989 డిసెంబరు 17 నుంచి ఫాక్స్ చానెల్‌లో అరగంట ధారావాహికగా వస్తోంది. ఇప్పటికి 750కి పైగా భాగాలు వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. అమెరికాలో రాత్రిపూట వచ్చే కథా కార్యక్రమాల్లో ఇంతకాలం నడిచింది మరొకటి లేదు. సంసారం, సర్కారు, వ్యాపారం, టీవీ, మతం, దేన్నీ వదలకుండా ఎగతాళి చేస్తుంది. అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైనది అందులోని బడి. ఆ బడిలోని పిల్లలు.

సింప్సన్ల ఇంట్లో పిల్లలు ముగ్గురు. పెద్దోడు బార్ట్, పదేళ్ళు, నాలుగో తరగతి. చెల్లెలు లీసా, ఎనిమిదేళ్ళు, రెండో తరగతి. ఇంకొకతి చంటిది, పేరు మ్యాగీ. బొమ్మలు కాబట్టి వీళ్ళకు వయసు పెరగదు. 1989లో మన ఊళ్ళో నాలుగో తరగతి చదివినవాడు ఇప్పుడు తన బిడ్డకు ఇంటర్ ఫీజు కడుతున్నాడు. బార్ట్ మాత్రం అదే బెంచీ మీద, అదే నాలుగో తరగతిలో ఉన్నాడు.

చాలా భాగాల మొదట్లో వాడు నల్లబల్ల ముందు నిలబడి ఉంటాడు. చేతిలో సుద్దముక్క. ఫలానా పని ఇంక చెయ్యను, చెయ్యను అని బల్ల నిండా ఒకే వాక్యం రాస్తూ ఉంటాడు. ఇంపోజిషన్ అంటే ఏందో మనకు ఎవరూ చెప్పబన్లేదు. వందసార్లు రాసి వేళ్ళు కొంకర్లు పోయినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఒక్కో వారం ఒక్కో వాక్యం, ఒక్కో తప్పు. గంట కొట్టగానే వాడు సుద్ద అక్కడే పారేసి పరుగు. ఆ వాక్యాలను చదివితే నవ్వొస్తుంది. అయితే ఇన్నేళ్ళుగా రాయించినా వాడు మారలేదంటే తప్పు వాడిదా, రాయించే పద్ధతిదా? ఆ ప్రశ్న ప్రేక్షకుడి మనసులో పడుతుంది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. పదేళ్ళ పిల్లోడి మనసు కూడా లెక్కలోకి వస్తుందని చట్టం ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఆ బల్ల మీద ఒకసారి మాత్రం బార్ట్ ఒకే ఒక్క వాక్యం రాశాడు, అదీ ఒకేసారి. వాడి టీచరమ్మ ఎడ్నా క్రబాపెల్. ఆమెకు గొంతు ఇచ్చిన నటి మార్షా వాలెస్ 2013 అక్టోబరులో చనిపోయారు. ఆ గొంతు ఇంకొకరు అనుకరించడం వద్దని కార్యక్రమంవాళ్ళు ఆ పాత్రనే విరమించారు. తర్వాత వచ్చిన భాగంలో బార్ట్ దిగులు మొహంతో, అమ్మా, నువ్వు లేని లోటు మాకు తెలుస్తుందని బల్ల మీద రాశాడు. ఇరవై నాలుగేళ్ళు ఆమెను ఏడిపించిన పిల్లోడు రాసిన మాట అది. బడిలో అల్లరి చేసినవాళ్ళే పెద్దయినాక అయ్యవారు యాడ కనిపించినా ముందుగా కాళ్ళకు మొక్కుతారు. మన బజార్లలో మీరూ చూసే ఉంటారు.

ఇంక పరీక్ష కబురు. 1990 అక్టోబరు 11న వచ్చిన భాగం అది. బార్ట్ నాలుగో తరగతి తప్పేటట్టు ఉన్నాడు. ఇంకొక్క పరీక్ష పోతే మళ్ళీ అదే తరగతి. ముందురోజు రాత్రి మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి మొక్కుతాడు, సామీ, ఒక్కరోజు గడువు ఇయ్యి అని. తెల్లారేసరికి మంచు కురిసి ఊరంతా సెలవు. వీధిలో అందరూ ఆడుకుంటుంటే వీడు ఇంట్లో కూర్చుని నిజంగానే చదువుతాడు. పరీక్ష రాస్తాడు. 59 మార్కులు. ఒక్క మార్కుతో తప్పాడు.

అప్పుడు ఆ అల్లరోడు ఏడుస్తాడు. చదివినాక కూడా తప్పానే, 1754లో జార్జి వాషింగ్టన్ ఫ్రెంచివాళ్ళకు కోట అప్పగించినప్పుడు ఎట్లా ఉండి ఉంటుందో ఇప్పుడు నాకు తెలుస్తోంది అంటాడు. టీచరమ్మ ఆగిపోతుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు, నువ్వు చదివింది నీ బతుక్కు అన్వయించి చెప్పావు అని ఇంకో మార్కు కలుపుతుంది. బార్ట్ గట్టెక్కుతాడు. నేను ఆ భాగాన్ని ఎప్పుడు చూసినా ఆ టీచరమ్మకు దండం పెట్టాలనిపిస్తుంది. జవాబు పత్రంలో లేని చదువును పిల్లోడి ఏడుపులో కనుక్కున్న మనిషి ఆమె.

పరీక్షకూ చదువుకూ మధ్య ఉన్న ఈ ఎడం మన ప్రొద్దుటూరుకు కొత్త కాదు. 'శివతాండవం' రాసిన పుట్టపర్తి నారాయణాచార్యుల పేరు తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. ఆయన చిన్న వయసులోనే 'పెనుగొండ లక్ష్మి' అనే కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, అదే కావ్యం పాఠ్యపుస్తకంగా వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. సొంత పుస్తకం మీద తానే పరీక్ష రాయాల్సి వచ్చిన కవి. పరీక్ష మనిషిని కొంతవరకే కొలుస్తుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మనకేం కావాలి?

బార్ట్ గురించి ఇంత చెప్పి లీసాను వదిలితే పాపం. ఆ పిల్ల బాగా చదువుతుంది, శాక్సఫోన్ వాయిస్తుంది, అన్యాయం కనిపిస్తే ఊరుకోదు. మొదటి బెంచీ పిల్లకు ఏ కష్టమూ ఉండదని మనం అనుకుంటాం. ఉంటుంది. ఆ పిల్లతో మాట్లాడేవాళ్ళు తక్కువ. 1991 ఏప్రిల్‌లో వచ్చిన ఒక భాగంలో బెర్గ్‌స్ట్రామ్ అనే అయ్యవారు కొన్నాళ్ళకు బదులు టీచరుగా వస్తాడు. మొదటిసారి ఒక పెద్ద మనిషి ఆమె మాటను చెవిపెట్టి వింటాడు. ఆయన వెళ్ళిపోయే రోజు రైలు దగ్గర ఆమె చేతిలో ఒక చీటీ పెడతాడు. ఎప్పుడైనా ఒంటరిగా అనిపిస్తే ఇది చూసుకో అంటాడు. అందులో 'నువ్వు లీసా సింప్సన్‌వి' అని తప్ప ఏమీ లేదు. నువ్వు నువ్వే, అదే చాలు అని దాని అర్థం. ర్యాంకు వచ్చిన పిల్లకు కూడా ర్యాంకు గురించి కాకుండా తన గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

లీసా తరగతిలోనే రాల్ఫ్ ఉన్నాడు. ఊరి పోలీసు అధికారి కొడుకు. ఏం అడిగినా పొంతన లేని జవాబు చెప్తాడు, అందరూ నవ్వుతారు. ఫిబ్రవరి పండగకు పిల్లలంతా ఒకరికొకరు ప్రేమగా కార్డులు ఇచ్చుకుంటుంటే వాడి డబ్బా ఖాళీగా ఉంటుంది. లీసాకు జాలేసి ఒక కార్డు వాడికి ఇస్తుంది. ఆ భాగం వచ్చింది 1993లో. చివర్లో బడి నాటకంలో రాల్ఫ్ జార్జి వాషింగ్టన్ వేషం వేస్తాడు. ఎవరూ ఊహించనంత గొప్పగా నటిస్తాడు, చూసేవాళ్ళ కళ్ళు చెమర్చేటట్టు. వాడికీ ఒక చోటు ఉంది. ఎవరూ వెతకలేదంతే.

ఇంక నెల్సన్. అందర్నీ ఏడిపించి, వేలు చూపించి నవ్వే బలశాలి. వాడి ఇంటికి పోయి చూస్తే నాయన వదిలేసి పోయాడు, తిండికి కరువు. కళ్ళద్దాల మిల్‌హౌస్ బార్ట్‌కు ప్రాణస్నేహితుడు. 1996లో వాడి అమ్మానాయన విడిపోయారు. ఆ బడికి డబ్బు ఎప్పుడూ చాలదు, హెడ్మాస్టరు స్కిన్నర్‌కు తనిఖీ అధికారి అంటే వణుకు. ఎగతాళి అంతా వీటి మీదే. పిల్లోణ్ణి అంకెగా చూసే పద్ధతి మీద, పిల్లల బడికి డబ్బులేదనే పెద్దల మీద, బిడ్డను పట్టించుకోని ఇంటి మీద. పిల్లోడు నవ్విస్తాడు గానీ, నవ్వు వాడిని తొక్కదు.

జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ పండించే రైతును అడగండి. కళ్ళంలో తూర్పారబట్టేవాడు చాట ఎత్తేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడు. చూసుకోకపోతే పొట్టు పోయి పక్కవాళ్ళ కళ్ళలో పడుతుంది. లోకాన్ని నవ్వుతూ తూర్పారబట్టే రచయితకూ అదే జాగ్రత్త కావాలి. ఇంత మంచి కార్యక్రమం ఒక విషయంలో ఆ గాలి చూసుకోలేదు. ఆ సంగతి దానికి చెప్పింది మన తెలుగు బిడ్డ.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అపు అనే భారతీయుడు ఉన్నాడు. 1990 నుంచి ఉన్నాడు. చిల్లర అంగడి నడుపుతాడు. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ ఉంది, కష్టపడతాడు, సంసారి. మంచి గుణాలు లేవని కాదు. అయితే ఆ గొంతు భారతీయుడిది కాదు. హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు మన యాసను సాగదీసి, వంకర్లు తిప్పి పలికాడు. ఆ రోజుల్లో అమెరికా టీవీలో అందరికీ తెలిసిన భారతీయుడంటే దాదాపు అపు ఒక్కడే. అపు బడిలో చదవడు, అంగట్లో ఉంటాడు. వాడి గొంతు మాత్రం అమెరికాలోని నిజమైన బడుల్లోకి నడిచిపోయింది. అంగడికి వచ్చినవాళ్ళకు వాడు చెప్పే వీడ్కోలు మాటను అదే యాసలో అని, మన పిల్లల్ని వరండాల్లో ఏడిపించేవాళ్ళు.

ఆ తెలుగు బిడ్డే హరి కొండబోలు, 1982లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు తెలుగువాళ్ళు. పెద్దయి వేదికల మీద హాస్యం చెప్పే కళాకారుడయ్యాడు. సింప్సన్స్ అంటే వాడికి ప్రాణం. అంత ఇష్టం ఉన్నందుకే అడగగలిగాడు. 2017 నవంబరులో ట్రూటీవీలో వచ్చిన 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీలో దక్షిణాసియా మూలాలున్న నటులను, హాస్యకారులను కూర్చోబెట్టి, చిన్నప్పుడు బడిలో ఈ పాత్రతో మీకేమైందని అడిగాడు. తెరల మీద పేరు తెచ్చుకున్న పెద్దవాళ్ళు తమ చిన్ననాటి అవమానాలు చెప్పుకున్నారు. అజారియాతో కూడా మాట్లాడదామని హరి చాలా ప్రయత్నించాడు. ఆయన ఆ సినిమాలో కనిపించడానికి ఒప్పుకోలేదు.

కార్యక్రమంవాళ్ళు 2018 ఏప్రిల్‌లో ఒక భాగంలో జవాబిచ్చారు. ఆ జవాబును ఎవరి నోట పెట్టారనుకున్నారు? లీసా నోట. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అన్నట్టుగా ఆ పిల్ల మనవైపు చూసి అంటుంది. పక్కన అపు ఫొటో. నాకు బాధ కలిగింది అక్కడే. ఏ అన్యాయాన్నీ ఊరికే వదలని పిల్ల ఆమె. హరి పక్కన నిలబడాల్సిన మొదటి మనిషి. ఆమె గొంతుతో భుజాలు ఎగరేయించడం ఆ పాత్రకు చేసిన అన్యాయం.

అయినా మాట ఊరికే పోలేదు. 2020 జనవరిలో అజారియా ఇంక తాను అపుకు గొంతు ఇవ్వనన్నాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లవాళ్ళు కాని పాత్రలకు తెల్లనటుల గొంతు ఉండదని కార్యక్రమం ప్రకటించింది. 2021లో ఆయన ఒక ముఖాముఖిలో, అమెరికాలోని భారతీయులు ఒక్కొక్కరికీ పోయి క్షమాపణ చెప్పాలనిపిస్తోందన్నాడు. ఆయన మనసు మారిన తీరు వినాలి మీరు. తన కొడుకు చదివే బడికి పోయి అక్కడి భారతీయ పిల్లలతో మాట్లాడాడట. పదిహేడేళ్ళ పిల్లోడొకడు ఉన్నాడు. సింప్సన్స్ ఒక్కసారి కూడా చూడలేదు. అయినా అపు అంటే ఏమిటో వాడికి తెలుసు, ఎందుకంటే అది వాడి మీద విసిరే తిట్టుగా మారింది. మీరు తయారుచేసే బొమ్మలు మా బతుకుల మీద పడతాయని మీ రాసేవాళ్ళకు చెప్పండని కళ్ళనీళ్ళతో అడిగాడట. అంత పేరున్న నటుడికి పాఠం చెప్పింది ఒక బడి పిల్లోడు. తప్పును తప్పని ఒప్పుకున్న ఆ నటుణ్ణీ నేను గౌరవిస్తాను.

అమెరికా సంగతి మాకెందుకు అంటారా? మీకే బాగా తెలుస్తుంది ఇది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర'. వరసగా సీమ కక్షల సినిమాలు ఆడాయి. కడప జిల్లా అంటే సుమోలు, వేటకొడవళ్ళు, నాటు బాంబులు. మన పక్క కక్షలు లేవని నేను చెప్పను. వాటితో ఎన్ని ఇండ్లు దీపం లేకుండా పోయాయో మీకూ తెలుసు. కానీ ఆ బొమ్మ తెర మీద ఆగలేదు. పులివెందుల నుంచో జమ్మలమడుగు నుంచో ఒక పిల్లోడు హైదరాబాదులోనో విజయవాడలోనో హాస్టల్లో చేరతాడు. ఊరి పేరు చెప్పగానే, మీ ఇంట్లో బాంబులుంటాయా, తొడ కొట్టి చూపించరా అంటారు. వాడు 'యాడికి పోతాండావు' అంటే గది మొత్తం నవ్వుతుంది. నాలుగు రోజులకు వాడు మాట్లాడటం తగ్గిస్తాడు. నెల తిరిగేసరికి అమ్మతో ఫోన్లో ఒక భాష, గదిలో ఇంకొక భాష. న్యూయార్క్ బడి వరండాలో తెలుగు పిల్లోడికి జరిగిందీ, మన పిల్లోడికి తెలుగు రాష్ట్రంలోనే జరిగిందీ ఒకటే.

ఆ పులివెందుల పక్కనే ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల్లో సర్కారు బడుల్లో చదివిన పిల్లలు అక్కడ ఇంజనీర్లవుతున్నారు. ఏ సినిమా అయినా వాళ్ళను చూపించిందా? సినిమా చూపించని బతుకును మన కథకులు రాశారు. కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వేంపల్లె గంగాధర్, వేంపల్లె షరీఫ్ ఇద్దరూ అకాడమీ యువ పురస్కారాలు అందుకున్నారు. షరీఫ్ 'జుమ్మా' కథల్లో మన పక్క ముస్లిం ఇండ్లు, ఆ ఇండ్ల అమ్మలు, పిల్లలు ఉన్నారు. అందులో మన యాస ఎవర్నీ నవ్వించడానికి రాలేదు. మనుషులు మాట్లాడుకోవడానికి వచ్చింది. హరి కెమెరా పట్టుకుని చేసిన పని వీళ్ళు కలం పట్టుకుని చేశారు. మీ పిల్లలు హాస్టలుకు పోయేటప్పుడు పచ్చడి సీసాతో పాటు ఈ పుస్తకాల్లో ఒకటి పెట్టి పంపండి. తన మాట అచ్చులో చూసుకున్న పిల్లోడు దాన్ని దాచుకోడు.

ఎగతాళే వద్దని నేను అనడం లేదు. గురజాడ వెంకటేశాన్ని చూసి నవ్వుకున్న జాతి మనది, ముళ్ళపూడి బుడుగును ఇంట్లో పిల్లోడిగా పెంచుకున్నాం. ఎగతాళి లేకపోతే బడి మారదు, సర్కారు మారదు, పెద్దలు మారరు. నవ్వు పైకి పోవాలి. అయ్యవారి బెత్తం మీదికి, ర్యాంకుల ప్రకటనల మీదికి, ఫీజుల మీదికి పోవాలి. తన ఊరినీ, రంగునూ, యాసనూ, మందబుద్ధినీ ఎంచుకుని పుట్టని పిల్లోడి మీదికి దిగకూడదు. సింప్సన్స్ బడి మూడు దశాబ్దాలకు పైగా నాకు నేర్పింది ఇదే, అది తప్పిన చోట కూడా.

హాస్టల్లో ఉన్న మీ బిడ్డకో, అమెరికాలో ఉన్న మీ తమ్ముడి కొడుక్కో ఈ ఆదివారం ఫోన్ చేస్తారు కదా. మార్కులు ఎట్లాగూ అడుగుతారు, అడగండి. తర్వాత ఇంకో రెండు మాటలు అడగండి. బడిలో నిన్ను చూసి ఎవరైనా నవ్వుతున్నారా నాయనా? నువ్వు ఎవర్ని చూసైనా నవ్వుతున్నావా? రెండో ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి.